కాలు సరిచేయడం ఒక్క రోజు పని కాదు
(ఉగాది సభలో కార్యవర్గం పక్షాన చేసిన ప్రసంగ పాఠం)



పంచాంగశ్రవణంలో పన్నెండు రాశులవారి ఆదాయవ్యయాలూ విన్నాము. సంఘానికి కూడా ఒక రాశి ఉన్నదనుకుంటే, దాని ఆదాయవ్యయాలను కోశాధికారిగారు ఇంతకు ముందే చదివారు. ఆ లెక్కలలో ‘పిల్లల కాళ్ల శస్త్రచికిత్స నిధి’ అని ఒక పద్దు ఉన్నది. దానిని గురించి నాలుగు మాటలు చెప్పవలసిందని కార్యవర్గం మాకు ఆజ్ఞాపించింది. మనల్ని మనమే పొగుడుకొనడానికి మేము నిలబడలేదు. చేసిన పనిలో ఎక్కడ పొరబడ్డామో ఒప్పుకొని, ఇకమీదట ఎట్లా చేయదలచామో విన్నవించి, మీ సాయం అడగడానికి నిలబడ్డాము.

కొన్నేళ్ల కిందట ఇదే సభలో, భివండిలో మరమగ్గం నడిపే ఒక కార్మికుని కొడుకు కోసం మనమందరమూ చందాలు వేసుకున్నాము. మీలో చాలామందికి జ్ఞాపకం ఉండే ఉంటుంది. పిల్లవానికి అప్పుడు తొమ్మిదేళ్లు. పుట్టుకతోనే ఎడమ పాదం లోపలికి తిరిగి ఉన్నది. పాదం అంచుమీద నడిచి నడిచి అక్కడ కాయ కాచింది. మనం సంగీత కచేరీ పెట్టాము. గోడపత్రికలు వేశాము. వాటిమీద ఆ పిల్లవాని ఫొటోను, వంకర పాదం బాగా కనిపించేటట్లు, అచ్చువేయించాము. తండ్రిని వేదిక మీదికి పిలిచి, చేతికి చెక్కు ఇచ్చి, శాలువా కప్పాము. చప్పట్లు మారుమోగాయి. ఆపరేషన్ చక్కగా జరిగింది. కట్టు విప్పిన నాడు పాదం నేలమీద చదునుగా ఆనింది. ఇక మన పని తీరిపోయిందనుకొని ఇళ్లకు వెళ్లిపోయాము.

అసలు పని అప్పుడే మొదలయిందని మనకు తెలియలేదు. సరిచేసిన పాదం మళ్లీ తిరగకుండా రాత్రిపూట బ్రేసు కట్టాలి. పిల్లవాడు ఎదిగినకొద్దీ బ్రేసు బిగువవుతుంది. మళ్లీ కొలతలు తీసి కొత్తది చేయించాలి. మధ్యమధ్య ఆసుపత్రికి తీసుకుపోయి చూపించాలి. భివండి నుంచి ముంబయికి వచ్చి వెళ్లాలంటే తండ్రికి ఆనాటి కూలి పోతుంది, చార్జీలు పైన. ఆయనకేమో అడగడానికి మొగమాటం. “అందరు గంత ఇచ్చిండ్రు, మల్ల ఏ మొకం పెట్టుకొని అడగాలె” అనుకున్నాడట. ఆయన అడగలేదు, మనమూ అడగలేదు. పాత బ్రేసు కరుస్తున్నదని పిల్లవాడు తీసి మూల పడవేశాడు. మూడేళ్లు గడిచేసరికి పాదం చాలవరకు లోపలికి తిరిగింది.

ఇంతకంటె మమ్మల్ని కలతపెట్టిన సంగతి మరొకటి ఉన్నది. ఆ పిల్లవాడు మన ఉగాది సభకు రావడం మానుకున్నాడు. ఎందుకమ్మా అని తల్లిని అడిగాము. “బళ్లె పోరగాండ్లు ఆ కాయితం చూసిండ్రన్నా. అప్పటిసంది వాని పేరు పోయింది, కాలి పేరే మిగిలింది” అన్నది. మనం ఒక పాదాన్ని సరిచేయబోయి ఒక మనసును వంకర చేశామేమో అని ఆ రోజు మాకు తోచింది. ఈ తప్పు డాక్టర్లది కాదు, తల్లిదండ్రులది కాదు. మనదే.

కొందరు మిత్రులు మరొక ప్రశ్న వేస్తున్నారు: “దేశంలో పోలియో పోయింది గదా, ఇంకా కాళ్ల ఆపరేషన్లకు చందాలెందుకు?” అని. న్యాయమైన ప్రశ్న. మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో హౌరాలో బయటపడింది. 2014 మార్చి 27న ప్రపంచ ఆరోగ్యసంస్థ మన ఆగ్నేయాసియా ప్రాంతాన్ని పోలియో లేని ప్రాంతంగా ప్రకటించింది. ఇది గర్వపడవలసిన విషయమే. కాని అంతకు ముందు ఆ జబ్బు వచ్చినవారు మన మధ్యనే ఉన్నారు. అటువంటివారికి శస్త్రచికిత్సలు చేస్తూ వచ్చిన విశాఖపట్నం వైద్యులు డాక్టర్ సుంకర వెంకట ఆదినారాయణరావుగారికి 2022లో పద్మశ్రీ ఇచ్చారంటే, ఆ అవసరం ఎంత కాలం నిలిచి ఉన్నదో ఊహించుకోవచ్చు.

పోలియో కాక ఇతర కారణాలున్నాయి. సుమారు వెయ్యిమంది శిశువులలో ఒకరు వంకర పాదంతో పుడతారు. ఎముకలకు తగిన పుష్టి లేక దొడ్డికాళ్లు వచ్చేవారున్నారు. విరిగిన ఎముక సరిగా అతకక ఒక కాలు పొట్టి అయినవారున్నారు. మన పూర్వీకులలో చాలామంది నల్లగొండ, పాలమూరు జిల్లాల నుంచి ఈ నగరానికి వచ్చినవారే గనుక, ఇంకొక కారణం వేరే చెప్పనక్కరలేదు. బావి నీళ్లలోని ఫ్లోరైడు ఎముకలను ఏమి చేస్తుందో నెల్లూరు జిల్లా పల్లెలను చూసిన వైద్యులు 1937లోనే రాశారు. ఆ నీళ్లు తాగే పల్లెల పిల్లలకు మోకాళ్లు ఒకదానినొకటి రాసుకొనేటట్లు కాళ్లు వంగడాన్ని గురించి హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 1973లో రాశారు. ఆ నీళ్లు తాగి పెరిగి, పనికోసం ఇక్కడికి వచ్చినవారు మన బంధువులలోనే ఉన్నారు.

ఈ విషయంలో డబ్బుకంటె ముందు కావలసినది వేళ. మొక్కై వంగనిది మానై వంగునా అని మనవాళ్లు చదువును గురించి అంటారు. ఎముకల విషయంలో ఆ మాట అక్షరాలా నిజం. వంకర పాదంతో పుట్టిన బిడ్డను మొదటి వారాలలోనే తీసుకుపోతే పెద్ద కోత అక్కరలేదు. అమెరికాలోని అయోవాలో డాక్టర్ పొన్సెటి నెలకొల్పిన పద్ధతి ప్రకారం వారానికొకసారి పాదాన్ని మెల్లగా తిప్పి పిండికట్టు వేస్తారు. సాధారణంగా అయిదారు కట్లు సరిపోతాయి. చాలామందికి మడమ వెనుక తాడులా బిగిసిన స్నాయువును చిన్న గాటుతో వదులు చేస్తారు. ఆ తరువాత మూడు నెలలు రోజుకు 23 గంటలు బ్రేసు, అటుపైన నాలుగైదేళ్ల వయసు వచ్చేవరకు నిద్రవేళ బ్రేసు. బ్రేసు మానిన పిల్లలకే పాదం ఎక్కువగా తిరగబెడుతుంది. మోకాళ్లు వంగిన పిల్లలకు కూడా, ఎముక ఇంకా ఎదుగుతుండగా తీసుకుపోతే, ఎదిగే చోట ఒక పక్కన చిన్న పలక బిగించి ఆ ఎదుగుదలతోనే కాలును సరిచేసే ఉపాయం ఉన్నది. ఆడపిల్లలకు సుమారు 14 ఏళ్లకు, మగపిల్లలకు సుమారు 16 ఏళ్లకు ఆ ఎదుగుదల ఆగిపోతుంది. తరువాత ఎముకను కోసి సరిచేయవలసిందే. కనుక పిల్ల పెళ్లీడుకు వచ్చాక చూద్దామని ఊరుకొనేవారికి మనం ఈ మాట ఇల్లిల్లూ తిరిగి చెప్పాలి. చెప్పడానికి చందా అక్కరలేదు.

ఆపరేషన్ ఖర్చుకు సైతం ప్రతిసారీ చందా అక్కరలేదు. పుట్టినప్పటినుంచి 18 ఏళ్లవరకు పిల్లలను పరీక్షించి చికిత్సకు పంపే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013లో మొదలయింది. వంకర పాదం ఆ జాబితాలో ఉన్నది. మహారాష్ట్రలో ధర్మాదాయ ట్రస్టుల ఆసుపత్రులు పడకలలో నూటికి 10 నిరుపేదలకు ఉచితంగా, మరో 10 తక్కువ ఆదాయంవారికి రాయితీతో కేటాయించాలని 2006లో బొంబాయి హైకోర్టు ఏర్పాటు చేసింది. మహాత్మా జ్యోతిరావ్ ఫులే జన ఆరోగ్య యోజన ఉన్నది. హాజీ అలీ దగ్గర, 1955 నుంచి నడుస్తున్న కేంద్రప్రభుత్వ పునరావాస సంస్థ ఉన్నది.

ఇన్ని ఉండగా మనవారికెందుకు అందడం లేదు? మనవారి రేషన్ కార్డు ఊళ్లో ఉంటుంది, మనిషి ఇక్కడ ఉంటాడు. ఊరి ఆరోగ్యశ్రీ పొందాలంటే అక్కడికి పోవాలి, పోతే ఇక్కడ పని పోతుంది. ఇక్కడి పథకానికి ఇక్కడి నివాస పత్రాలు అడుగుతారు. దరఖాస్తు మరాఠీలో ఉంటుంది. రెండు రాష్ట్రాలలోనూ హక్కున్నవాడు రెండు చోట్లా బయటనే నిలబడి ఉంటాడు. ఈ కాగితాల పనిలో తోడు నిలవగలవారు, మరాఠీ చక్కగా వచ్చినవారు, మనలో వందలమంది ఉన్నారు. మూడు తరాలుగా ఈ నగరంలో ఉన్నందుకు మనం సంపాదించుకున్న ఆస్తి అదే గదా. ఒకరు ఒక్క పూట సెలవు పెట్టి ఒక కుటుంబంతో ఆసుపత్రిలోని సమాజసేవకుల గదికి వెళితే, వేలాది రూపాయల చందాతో సమానం.

ఈ నగరంలో ఇట్లాంటి పని మనకంటె ముందు చేసినవారున్నారు. ఫాతిమా ఇస్మాయిల్ అనే తల్లి తన కుమార్తెకు పోలియో వస్తే, తన బిడ్డతో ఆగక, ఇతరుల పిల్లలకోసం 1947లో ఒక సంఘాన్ని స్థాపించింది. హాజీ అలీ దగ్గరి పిల్లల ఎముకల ఆసుపత్రి ఆ సంఘం చలవే. 1958లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది. ఒక ఇంటి కష్టం పదిమంది పని అయింది. మన కష్టాలు కూడా అట్లాగే కావాలి.

అయితే నిధి దేనికి? ఏ పథకమూ చెల్లించని వాటికి. ఒక ఉదాహరణ చెబుతాము. పొట్టి అయిన కాలును పొడుగు చేయడానికి రష్యా వైద్యుడు ఇలిజారోవ్ కనిపెట్టిన వలయాల పద్ధతి ఉన్నది. ఎముకను కోసి, కాలి చుట్టూ ఇనుప వలయాలు సన్నని తీగలతో బిగించి, రోజుకు ఒక మిల్లీమీటరు చొప్పున ఎడం చేస్తారు. ఆ సందులో కొత్త ఎముక పుడుతుంది. 5 సెంటీమీటర్లు పొడుగు కావాలంటే 50 రోజులు. ఆ కొత్త ఎముక గట్టిపడడానికి దానికి రెట్టింపు, ఒక్కొక్కప్పుడు ఇంకా ఎక్కువ. అంటే దాదాపు అయిదు నెలలు కాలికి ఆ వలయాలుండాలి. రోజూ తీగలచుట్టూ శుభ్రం చేయాలి, చీము పట్టకుండా చూడాలి, వ్యాయామం చేయించాలి. ఇంట్లో ఒకరు పని మానుకోవాలి. ఆపరేషన్ ఉచితమైనా ఈ అయిదు నెలల కూలి ఎవరిస్తారు? టాక్సీ ఎవరిస్తారు? పిల్లవాని బడి పాఠాలు ఎవరు చెబుతారు? కత్తి పట్టే రోజు ఒక్కటే. తక్కిన నూటయాభై రోజులూ మనవి.

కనుక కార్యవర్గం ఈ కట్టుబాట్లు చేసుకున్నది. మొదటిది, నిధికి బాంకులో ప్రత్యేక ఖాతా. ఇద్దరి సంతకాలు లేకుండా పైసా కదలదు. ఆసుపత్రికి చెల్లించేది నేరుగా ఆసుపత్రికే, కూలినష్టం మాత్రం కుటుంబానికి నెలనెలా. రెండవది, ఒక పిల్లవానికి ఆపరేషన్ అని నిర్ణయించిన నాడే, తరువాతి రెండేళ్ల బ్రేసులకు, రాకపోకలకు, వ్యాయామానికి కావలసినది కూడా లెక్కగట్టి పక్కన పెట్టాలి. అంత లేకపోతే ఇద్దరికి అరకొరగా చేయడం మాని, ఒకరికి పూర్తిగా చేయాలి. మూడవది, ప్రతి పిల్లవానికి మనలో ఒక కుటుంబం తోడు. నెలకొకసారి వాళ్లే వెళ్లి పలకరించాలి. అడిగించుకొని ఇవ్వడం ఇకమీదట ఉండదు. నాలుగవది, గోడపత్రికల మీద, ఈ సంచికలో, వేదిక మీద, ఏ పిల్లవాని ఫొటో గాని పేరు గాని ఉండదు. లెక్కలు మాత్రం అణాపైసలతో అందరి ముందూ ఉంటాయి. దాచవలసినది పిల్లవాని పేరు, దాచకూడనిది డబ్బు లెక్క. మొన్నటిదాకా మనం తలకిందులుగా చేశాము.

కచేరీలు వద్దనడం లేదు. కాని కచేరీ డబ్బు ఏడాదికొకసారి వస్తుంది, పిల్లవాని అవసరం నెలనెలా వస్తుంది. మన పల్లెలలో తల్లులు వంటకు ముందు పిడికెడు బియ్యం వేరే కుండలో వేసేవారు. ఎవరి ఇంటికి ఎంత వచ్చినా ఆ పిడికెడు తప్పేది కాదు. అదే మనకు దారి. 300 కుటుంబాలు రోజుకు రెండు రూపాయలు డబ్బాలో వేస్తే ఏడాదికి 2,19,000 రూపాయలు అవుతుంది. టీ ఖరీదు కూడా కాదు. ఈ సాయంత్రం ద్వారం దగ్గర ఆ డబ్బాలు పెట్టాము. వాటిమీద ఎవరి పేరూ ఉండదు. ఇచ్చినవారి పేరు కూడా ఉండదు.

చివరి మాట. మొన్న మేము భివండి వెళ్లి ఆ పిల్లవాణ్ణి చూసివచ్చాము. ఇప్పుడు కొంచెం పెద్దవాడయ్యాడు. డాక్టర్లు పరీక్షించి, మళ్లీ కట్లు వేసి, అవసరమైతే రెండవసారి ఆపరేషన్ చేస్తే పాదం సరిపడుతుందని ఆశ చెప్పారు. తల్లిదండ్రులు సరే అన్నారు. పిల్లవాడు చాలాసేపు తల ఎత్తలేదు. మేము లేచేటప్పుడు ఒక్క మాట అడిగాడు: “ఈసారి ఫొటో ఏస్తరా?”

వేయము అని మాట ఇచ్చి వచ్చాము. ఆ మాటకు ఈ ఉగాదినాడు మీరందరూ పూచీ ఉండాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాము.