పని నేర్పే ఖర్చు ఎవరిది?

(షోలాపూర్ సర్వసభ్య సమావేశంలో యూనియన్ కార్యదర్శి ప్రసంగ పాఠం)



బోనస్ సంగతీ, పి.ఎఫ్. సంగతీ అయిపోయాక విమానాలు నడిపేవారి సంగతి ఎత్తుకుంటున్నామంటే కొందరికి నవ్వు రావచ్చు. సాంచా నడిపేవాళ్లకు విమానంతో పనేమిటని వెనుక వరుసలో ఎవరో అననే అన్నారు. పని ఉంది, చెబుతాము.

పోయిన నెల మన సభ్యుడొకరు ఆఫీసుకు వచ్చారు. సిరిసిల్ల దగ్గరి ఊళ్లో ఆయనకూ అన్నగారికీ ఉమ్మడిగా రెండెకరాల భూమి ఉంది. అన్నగారి కుమారుడు పైలట్ లైసెన్సు సంపాదించాడు. దానికే ఇల్లు బ్యాంకుకు తాకట్టు పడింది. ఇప్పుడొక విమాన కంపెనీ పరీక్షలు పెట్టి, ఎంపికయ్యావని చెప్పి, మా విమానం మీద శిక్షణకు ఇరవై లక్షలు కట్టమంటున్నది. భూమి అమ్మాలంటే తమ్ముడి సంతకం కావాలి. "అన్నా, సంతకం పెట్టాల్నా వద్దా? పెట్టకుంటే పిల్లగాని బతుకు ఆపినోన్నయిత" అని ఆయన అడిగితే అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాము. తెలిసినవారిని అడిగి తెలుసుకున్నాక ఇప్పుడు చెబుతున్నాము.

ఆ చదువులో రెండు మెట్లున్నాయి. పన్నెండో తరగతిలో లెక్కలు, ఫిజిక్సు చదివి, పద్దెనిమిదేళ్లు నిండి, 200 గంటలు విమానం నడిపి, రాత పరీక్షలూ వైద్య పరీక్షలూ నెగ్గితే కమర్షియల్ పైలట్ లైసెన్సు వస్తుంది. దీనికి తక్కువలో తక్కువ నలభై, యాభై లక్షలవుతున్నది. అయితే చిన్న విమానాల మీద నేర్చిన ఆ లైసెన్సుతో పెద్ద విమానం నడపనివ్వరు. ఎయిర్‌బస్ 320కి ఒక శిక్షణ, బోయింగ్ 737కి మరొక శిక్షణ. దాన్నే టైప్ రేటింగ్ అంటారు. కొన్ని వారాల పని. ఎక్కువ భాగం నేలమీదే, సిమ్యులేటర్ అనే నమూనా యంత్రంలో జరుగుతుంది. ఒకదాని మీద నేర్చినది రెండోదానికి చెల్లదు.

మొదటి మెట్టు గురించి మాకు పెద్ద తగాదా లేదు. లైసెన్సు మనిషిది, ఎక్కడికి పోయినా వెంట వస్తుంది. ప్రభుత్వమే పేదపిల్లలకు నేర్పితే బాగుండును, అది వేరే మాట. తగాదా రెండో మెట్టు దగ్గర. విమానం కంపెనీది, ఏ రకం కొనాలో నిర్ణయించేది కంపెనీ, టికెట్లమ్ముకునేది కంపెనీ. ఆ యంత్రం మీద చెయ్యి తిప్పడం నేర్పే ఖర్చు మాత్రం కుర్రవాడిదా?

మన దగ్గర షటిల్ సాంచాలు తీసి రేపియర్ మగ్గాలు పెట్టినప్పుడు, మిషన్లమ్మిన కంపెనీ ఫిట్టరు పదిహేను రోజులుండి మాకు నేర్పి వెళ్లాడు. ఆ పదిహేను రోజుల కూలీ కూడా ఇచ్చారు. నేర్పినందుకు డబ్బు కట్టమని సేటు అడిగి ఉంటే గేటు దగ్గర ఏమయ్యేదో మీకు తెలుసు.

అలాగని మన చరిత్ర కడిగిన ముత్యమేమీ కాదు. బొంబాయి మిల్లుల్లో జాబరు చేతిలో దస్తూరీ పెట్టందే పని దొరకని కాలం ఉండేది. 1931లో వచ్చిన రాయల్ కమిషన్ నివేదిక ఆ లంచగొండితనాన్ని ఎత్తిచూపింది. అది పోయిందనుకున్నాక కూడా, మేము బదిలీగా చేరినప్పుడు మూడు నెలలు కూలి లేకుండా ఒకరి చేతికింద కండెలు మార్చాము, తెగిన పోగులు అతికించాము. మా చేతి మీదుగా దిగిన బట్టను మిల్లు అమ్ముకుంది. ఆ సంగతి ఇంట్లో చెప్పడానికి సిగ్గుపడి, జీతం వచ్చే నెల వస్తుందని అమ్మకు అబద్ధం చెప్పేవాళ్లం.

విమానాల్లోనూ ఇలాంటిదే ఉంది. ప్రయాణికులున్న విమానంలో కో-పైలట్ సీటులో కూర్చుని గంటలు లెక్క వేసుకోవడానికి ఎదురు డబ్బు కట్టడం! వెనుక కూర్చున్నవాడూ టికెట్టు కొన్నాడు, ముందు కూర్చున్నవాడూ కొన్నాడు. 2009 ఫిబ్రవరి 12న అమెరికాలో బఫెలో నగరం దగ్గర ఒక చిన్న విమానం కూలి 50 మంది చనిపోయారు. దాని కెప్టెన్ ఒకప్పుడు అలాంటి డబ్బు కట్టే పద్ధతిలో పని నేర్చినవాడే. కో-పైలట్ జీతం ఎంత తక్కువంటే, పని మొదలయ్యే ఊరికి దగ్గరలో ఇల్లు లేక దేశం ఆ చివరి నుంచి రాత్రంతా ప్రయాణించి డ్యూటీకి వచ్చింది. ప్రమాదానికి ఆ ఫీజే కారణమని విచారణ సంఘం అనలేదు, మేమూ అనము. కెప్టెన్ తప్పుగా స్పందించడం కారణమని తేల్చారు. కాని ఆ విచారణలో ఈ జీతాలూ, నిద్రలేమీ, శిక్షణ తీరూ అన్నీ బయటికి వచ్చాయి. 2010లో చట్టం చేశారు, 2013 నుంచి కో-పైలట్‌కు కూడా సాధారణంగా 1500 గంటల అనుభవం ఉండాలన్నారు. ఆ గంటల భారం మళ్లీ కుర్రవాళ్ల మీదే పడిందనుకోండి. అయితే తరువాతి కాలంలో పైలట్లు చాలక అక్కడి చిన్న కంపెనీలు జీతాలు పెంచాయి, చేరినందుకు ఎదురు బోనస్‌లిచ్చాయి. అవసరం పడితే డబ్బు ఎక్కడినుంచో వస్తుంది!

యాజమాన్యాల వాదన కూడా వినాలి. మేము ఖర్చు పెట్టి నేర్పితే మర్నాడే పక్క కంపెనీకి ఎగిరిపోతాడంటారు. నిజమే, అలా వెళ్లేవారున్నారు. కానీ దానికి విరుగుడు ఇప్పటికే వారి చేతిలో ఉంది. 2017 నుంచి మన దేశంలో కెప్టెన్ ఏడాది, కో-పైలట్ ఆరు నెలలు ముందుగా నోటీసు ఇవ్వాలి. 2025 మే నెలలో సుప్రీంకోర్టు ఒక బ్యాంకు ఉద్యోగి కేసులో, మూడేళ్లు చేయకుండా మానేస్తే రెండు లక్షలు కట్టాలన్న షరతు చెల్లుతుందన్నది. కాబట్టి బాండు రాయించుకోండి. పనిచేసిన ప్రతి ఏడాదికీ బాకీ తగ్గేలా రాయించుకోండి. ముందే నగదు లాక్కోవడం దేనికి? 2023లో బ్రిటిష్ ఎయిర్‌వేస్ మొదటి మెట్టు నుంచీ ఫీజు తానే భరించే పథకం ప్రకటించింది. దాతృత్వం కాదది, పైలట్లు కావాలి గనుక.

ఇంకో మాట. ఎగిరిపోయేది కుర్రవాళ్లేనా? కింగ్‌ఫిషర్ 2012లో ఆగింది. జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్‌లో, గో ఫస్ట్ 2023 మేలో ఆగాయి. మూతపడిన మిల్లు గేటు ముందు నిలబడ్డవాళ్లం మనం, బకాయి జీతం అంటే ఏమిటో మనకు వేరే చెప్పనక్కరలేదు. మన బాకీ కిరాణా కొట్లో ఉండేది. వీళ్లకు బ్యాంకులో లక్షలుంటుంది, వడ్డీ ఆగదు.

ఇక ఆ సంతకం. పెట్టవద్దని మేము చెప్పలేదు, మన తమ్ముడి కుటుంబం వారి ఇష్టం. కాగితం తెప్పించమన్నాము. నిన్న ఫోనులో చదివి వినిపించారు. శిక్షణ ముగిశాక "కంపెనీ అవసరాన్ని బట్టి" ఉద్యోగమిస్తారని ఒక చోట ఉంది. ఏ తేదీ నుంచి జీతమో ఎక్కడా లేదు. కంపెనీ పిలవకపోతే ఇరవై లక్షలు తిరిగి ఇస్తారా అంటే ఆ ముక్కా లేదు. ఈ రెండూ రాసివ్వమని అడిగేదాకా సంతకం ఆపమన్నాము. అడిగితే ఎంపిక రద్దవుతుందేమోనని కుర్రవాడి భయం. ఆ భయం మాకూ తెలుసు, జాబరు ముందు నిలబడ్డప్పుడు మేమూ నోరెత్తలేదు.

ఆదివారం ఆ అబ్బాయి రైలుకు వస్తున్నాడు, కాగితాలన్నీ తెస్తున్నాడు. ముప్పై పేజీలు, అంతా ఇంగ్లీషు. మీ ఇళ్లలో బాగా చదవగలిగిన పిల్లలుంటే ఉదయం పది గంటలకు ఆఫీసుకు పంపండి.