ఇంగ్లీషు ప్రసంగంలో మలుపు మాటలు

చెన్నైలో గిండీ, తరమణి ఆఫీసుల్లో ప్రెజెంటేషన్ ఇవ్వాల్సిన మన తెలుగు యువతకు బెంగంతా పదసంపద గురించే. కానీ తడబాటు ఎక్కువగా వచ్చేది ఒక అంశం నుంచి మరో అంశానికి మారేచోట. చదివేవాడు అర్థంకాకపోతే పేజీ వెనక్కి తిప్పుతాడు. వినేవాడికి ఆ వీలు లేదు. ‘లెట్ మి స్టార్ట్ విత్’, ‘దిస్ బ్రింగ్స్ మి టు’ వంటి మాటలు అతని కోసమే. తెరమీది అంకెలు గబగబా చదివేయకుండా ‘వాట్ దిస్ టేబుల్ షోస్ ఈజ్’ అని మొదలుపెడితే, ఆ వాక్యం ముగించడానికైనా పట్టిక సారం చెప్పి తీరాలి. జవాబు తెలియని ప్రశ్నకు ‘లెట్ మి చెక్ అండ్ గెట్ బ్యాక్ టు యు’ చాలు. ‘సారీ ఫర్ మై ఇంగ్లీష్’ మాత్రం వద్దు. అప్పటిదాకా పట్టించుకోనివారు కూడా తప్పులు వెతకడం మొదలెడతారు.

బట్టీపట్టిన మాటలతో ప్రసంగం యంత్రంలా ఉంటుందంటారు కొందరు. ప్రతి వాక్యానికీ తగిలిస్తే నిజమే. మలుపుల దగ్గరే వాడితే ఆ బాధ లేదు. సర్వేపల్లి రాధాకృష్ణన్ వంటి వక్తకు ఇవన్నీ కావాల్సివచ్చాయా అని అడగవచ్చు. 1909లో మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాల అధ్యాపకుడైన ఆయన, 1926లో ఆక్స్‌ఫర్డ్‌లో అప్టన్ ఉపన్యాసాలిచ్చినప్పుడు విషయాన్ని నాలుగుగా విడగొట్టారు: ముందు మతానుభవం, తర్వాత మతాల సంఘర్షణ, చివరి రెండింటిలో హిందూ ధర్మం. విభజన అంత స్పష్టంగా ఉంటే మలుపు మాటలు తక్కువైనా ఫర్వాలేదు. పది నిమిషాల్లో ఇరవై స్లైడ్లు దాటించేవారికి ఆ వెసులుబాటు ఉండదు. వారు మలుపులెక్కడో ముందే గుర్తించి, అక్కడి మాటలను పైకి పలికి చూసుకోవడం మంచిది.