రెండవ జత ఎడ్లు

వానకాలమున ఒండుమట్టి దారిలో ధాన్యపు బస్తాల బండి దిగబడుట పల్లెలలో పెరిగినవారు చూచియే యుందురు. ఎడ్లను ఎంత అదలించినను ప్రయోజనము లేదని తెలిసిన బండివాడు, వెనుక వచ్చుచున్న బండి ఎడ్లను విప్పించి, త్రాటితో తన ఎడ్లకు ముందు కట్టును. రెండు జతలు కలిసి లాగగా బండి గట్టెక్కును. గట్టి నేల రాగానే రెండవ జతను విప్పివేయుదురు. అమెరికా పికప్ ట్రక్కులు పెక్కింటిలో నేడు కనిపించు ఆటోమేటిక్ ఫోర్ వీల్ డ్రైవ్ చేయునది ఈ పనియే. అయితే రెండవ జతను ఎప్పుడు కట్టవలెనో, ఎప్పుడు విప్పవలెనో నిర్ణయించునది అక్కడ యంత్రము.

పికప్ ట్రక్కు అనగా ముందు మనుష్యులు కూర్చుండు గది, వెనుక సరకు వేయు తొట్టి గల బండి. సామాన్యముగా దాని ఇంజను వెనుక చక్రములను మాత్రమే త్రిప్పును. తొట్టి నిండుగా నున్నప్పుడు ఆ బరువు వెనుక చక్రములను నేలకు అదిమి పట్టును. తొట్టి ఖాళీ అయినచో బరువులో ఎక్కువ పాలు ముందుభాగముననే యుండుటచే వెనుక చక్రములు పట్టు తప్పి, మంచుమీద ఉన్నచోటనే గిరగిర తిరుగును. మిచిగన్, మిన్నెసోటా వంటి ఉత్తర రాష్ట్రములలో శీతకాలమున ఇది అందరికి అనుభవమే.

అట్లయిన నాలుగు చక్రములను ఎల్లప్పుడు కలిపి త్రిప్పరాదా యని శ్రోతలు అడుగవచ్చును. అందొక చిక్కు కలదు. బండి మలుపు తిరుగునప్పుడు ముందు చక్రములు వెనుక చక్రములకంటె పెద్ద వలయము చుట్టును. రెండు ఇరుసుల నడుమ 3.7 మీటర్ల దూరముండి, వెనుక ఇరుసు నడిమి భాగము 8 మీటర్ల వ్యాసార్ధముతో తిరిగినచో, ముందు ఇరుసు నడిమి భాగము సుమారు 8.8 మీటర్ల వ్యాసార్ధముతో తిరుగును. ఒక్క చుట్టు పూర్తియగునప్పటికి ముందు చక్రములు 5 మీటర్లు అధికముగా నడువవలెను. రెండు ఇరుసులను బిగించి ఒకే వేగమున త్రిప్పినచో ఈ తేడాకు చోటెక్కడ? బురదలోనైన, మంచులోనైన చక్రము కొంత జారి ఆ తేడాను సరిపెట్టుకొనును. పొడి తారురోడ్డుపై జారుటకు వీలులేదు. ఆ ఒత్తిడి షాఫ్టులలోను, గేర్లలోను పేరుకొనును. స్టీరింగు బరువెక్కును, బండి కుదుపులతో నడచును, టైర్లు అరుగును, తుదకు గేర్లే చెడవచ్చును.

కావుననే పూర్వపు ట్రక్కులలో డ్రైవరు మీటను లాగి ముందు చక్రములను కలిపి, పొడినేల రాగానే విడదీయుచుండెడివాడు. కాని శీతకాలపు రహదారి ఒక్క తీరున నుండదు. ఎండ తగిలిన చోట పొడి, చెట్టునీడలో మంచు, వంతెనమీద గాజువలె మెరయు గడ్డ. ఇట్టి దారిలో మైలుకు నాలుగుసార్లు మీట లాగగలవా రెవరు?

ఈ బాధ తీర్చుటకే ఆటోమేటిక్ పద్ధతి వచ్చినది. జనరల్ మోటార్స్ సంస్థ 1999 నాటి షెవ్రొలే సిల్వరాడో ట్రక్కులో 'ఆటోట్రాక్' అను పేర దీని నమర్చినది. ఇందలి ముఖ్యాంగము ట్రాన్స్‌ఫర్ కేసు, అనగా ఇంజను శక్తిని ముందునకు, వెనుకకు పంచు గేర్ల పెట్టె. దానిలో నూనెలో మునిగియున్న పలుచని పళ్ళెముల దొంతర యొకటి యుండును. అదియే క్లచ్. పళ్ళెములు వదులుగా నున్నంతసేపు శక్తి యంతయు వెనుకకే పోవును. ఒక చిన్న విద్యుత్ మోటారు వాటిని ఒకదానికొకటి అదిమినచో శక్తిలో కొంత ముందు చక్రములకు చేరును. ఎంత గట్టిగా అదిమిన అంత శక్తి. కట్టుట, విప్పుట అను రెండే స్థితులు గాక, నడుమ ఎన్ని మెట్లయినను ఇందు సాధ్యము.

అదుమవలసిన సమయమును తెలుపునవి వేగమును కొలుచు సెన్సార్లు. వెనుక చక్రముల వేగము ముందు చక్రముల వేగమును మించినచో చక్రము జారుచున్నదని కంప్యూటరు గ్రహించి మోటారునకు ఆజ్ఞ ఇచ్చును. మలుపులలో సహజముగా కలుగు స్వల్పభేదమును ఉపేక్షించును. పట్టు చిక్కగానే క్లచ్‌ను సడలించును. ఇదంతయు డ్రైవరు ఎరుగకయే జరిగిపోవును.

అయినను దీనికి హద్దులు లేకపోలేదు. లోతైన బురదలో పళ్ళెములు చాలసేపు ఒరసికొనినచో వేడెక్కును. అట్టి చోట్ల రెండు ఇరుసులను పూర్తిగా బిగించు మీటనే వాడవలెను.

అంతకంటె ముఖ్యమైన మాట మరొకటి కలదు. ఈ యంత్రము బండిని కదలించును గాని ఆపదు. బ్రేకులు ఏ బండికైనను నాలుగు చక్రములకు నుండును. ఆగుట టైరునకు, నేలకు గల ఒరిపిడిమీదనే ఆధారపడును. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు బండి పొడిరోడ్డుపై బ్రేకు వేసినపిదప సుమారు 20 మీటర్లలో ఆగగలదు; అదే మంచుగడ్డపై సుమారు 140 మీటర్లు జారిపోవును. నాలుగు చక్రముల బలమున్నను ఈ లెక్క మారదు.

పైగా ఒక మోసమును దాగియున్నది. రెండు చక్రముల బండి బయలుదేరునప్పుడే జారి, దారి మంచిది కాదని డ్రైవరును హెచ్చరించును. ఆటోమేటిక్ బండి ఆ హెచ్చరికను దిగమ్రింగి, నేల గట్టిదేయన్న భ్రమ కలిగించును. ఆ భ్రమలో వేగము పెంచినవానికి నిజము తెలియునది బ్రేకు త్రొక్కినప్పుడే. మిచిగన్‌లో తొలి శీతకాలము గడుపబోవు మన తెలుగు బిడ్డలకు ఉత్తరము వ్రాయువారు ఈ యొక్క మాట చేర్చి వ్రాసిన మంచిది.

త్రాటితో ముందు కట్టిన రెండవ జత దిగబడిన బండిని లాగగలదు. వాలులో జారు బండిని నిలుపలేదు. ఈ సంగతి మన బండివాడెరుగును. కనుకనే రెండవ జత ఉన్నదిగదా యని అతడు వాలులో తొందరపడడు.