కోళ్ల కొట్టంలో ఛాయాచిత్రకళ



గురువు లేకుండా విద్య అబ్బుతుందా? జూలియా మార్గరెట్ కామెరాన్‌ను చూస్తే అబ్బుతుందనే అనిపిస్తుంది. ఆవిడ 1815లో కలకత్తాలో పుట్టారు. తర్వాత ఇంగ్లండులో స్థిరపడ్డారు. 1863 డిసెంబరులో కూతురూ అల్లుడూ ఆవిడకు ఒక కెమెరా బహూకరించారు. అప్పటికి వయసు 48. బొగ్గుల కొట్టు చీకటిగది అయింది. అద్దాల కోళ్ల కొట్టం స్టూడియో అయింది.

అప్పటికి ఫిల్ము లేదు. గాజుపలకకు కొలోడియన్ అనే చిక్కటి ద్రవం పూసి, సిల్వర్ నైట్రేటులో ముంచి, తడి ఆరకముందే ఫొటో తీసి కడగాలి. ఆ నెగటివును కోడిగుడ్డు తెల్లసొన, వెండి లవణం పట్టించిన కాగితంపై పెట్టి ఎండలో అచ్చు తీయాలి. ఎదుట కూర్చున్నవారు నిమిషాల తరబడి కదలకూడదు.

1864 జనవరిలో ఒక చిన్నపాప బొమ్మ కుదిరింది. అదే తన తొలి విజయమని ఆవిడ రాసుకున్నారు. బొమ్మలు మసకగా ఉన్నాయనీ, మరకలు పడ్డాయనీ ఫొటోగ్రఫీ పత్రికలు తప్పుపట్టాయి. ఆవిడ తన పద్ధతి మార్చుకోలేదు. 1867లో తీసిన శాస్త్రవేత్త హెర్షెల్ చిత్రంలో నల్లని చీకటిలోంచి చెదిరిన తెల్లజుట్టు, వృద్ధుని కళ్లు వెలికి వస్తాయి. ముఖం వెనుక మనిషి కనిపిస్తాడు.

1879లో ఆవిడ సింహళంలో కన్నుమూశారు. ఆనాడు లోపమన్న ఆ మసకను బట్టే ఈనాడు ఆవిడ చిత్రాన్ని గుర్తుపడుతున్నారు. పిల్లల పుస్తకాలు దిద్దేటప్పుడు ఎర్రసిరా పెట్టేముందు మా ఉపాధ్యాయులం ఈ సంగతి తలచుకోవడం మంచిది.