పైకప్పు పట్టిక



మన ఆడపిల్లల హాస్టలు పైకప్పుకు మూడు నమూనాలు వచ్చాయి: స్లాబు, రేకులు, పెంకులు. కమిటీలో ఎవరి మాట వారిదే. చివరికి బ్రిటిష్ ఇంజినీరు స్టూవర్ట్ ప్యూ పద్ధతిలో పట్టిక గీశాం. స్లాబును ఆధారంగా పెట్టుకుని, దానికన్నా మేలైన చోట ప్లస్, తీసికట్టైన చోట మైనస్ వేశాం.

రేకులకు ఖర్చులో ప్లస్. వేడిలోనూ, రేపు పై అంతస్తు వేసుకోవడంలోనూ మైనస్. పెంకులకు ఖర్చు, వేడి ప్లస్. మరమ్మతు, పై అంతస్తు మైనస్. (మరమ్మతు గడి కోతుల పుణ్యమే.) అంటే స్లాబుతో సరిసమానం! కూడికతో తేలలేదు. అప్పుడు ఏ లోపాన్ని సరిదిద్దగలమో చూశాం. పెంకుల మీద అంతస్తు లేవదు. స్లాబు వేడి తెల్లసున్నం పూతతో తగ్గుతుంది. అందుకే సున్నం పూసిన స్లాబు.

ఖర్చు రేకులకన్నా ఎక్కువే. మీ సొమ్ము మా దగ్గర అమానత్. పట్టిక ఆఫీసు గోడకే ఉంది, వచ్చి చూడండి.