వేదికపై వాద్యకారుని వినికిడి పెట్టె



శ్రీరామనవమి పందిళ్లలోను, వినాయక నవరాత్రులలోను హార్మోనియము, తబలాలతోపాటు నేడు గిటారు కూడ వేదిక నెక్కుచున్నది. ఆ గిటారు పట్టిన యువకుడు పెద్దలకడకు వచ్చి, “నాకొక మానిటరు కావలెను” అని యడుగును. పందిటి కిరువైపుల స్పీకర్లు మ్రోగుచుండగా మరియొక పెట్టె యెందులకని పెద్దలు సందేహించుట సహజమే. ఆ సందేహమును తీర్చి, సొమ్ము వ్యర్థము కాకుండ ఎట్టి పెట్టె నెన్నుకొనవలెనో చెప్పుట నేటి నా ప్రసంగ విషయము.

పందిటి స్పీకర్లు శ్రోతలవైపు తిరిగియుండును. వాని వెనుక కూర్చున్నవానికి గుమగుమయను మంద్రధ్వనియే గాని స్వరము స్పష్టముగా వినబడదు. తన వాద్యమును తాను వినలేనివాడు శ్రుతిని నిలుపజాలడు. 1969లో పాలకొల్లులో జన్మించిన మాండలిన్ శ్రీనివాస్ విద్యుత్ మాండలినుపై కర్ణాటక రాగములను గమకయుక్తముగా పలికించి లోకమును మెప్పించినారు. అట్టి గమకము చెవి తోడ్పడినగాని వ్రేలికి రాదు. కావుననే పాదములకడ, ముఖమువైపు ఏటవాలుగా నొక చిన్న పెట్టె నుంతురు. అదియే మానిటరు.

ఇక నెన్నిక మాట. పూర్వపు గిటారు ఆంప్లిఫయరులో పన్నెండంగుళముల స్పీకరు వాద్యములో నొక భాగమువంటిది. సెకనుకు సుమారు 5000 కంపనములకు పైబడిన తారధ్వనులను అది అణచివేయును. నేటి డిజిటల్ ఆంప్లిఫయరు ఆ స్పీకరు గుణమును సైతము గణితముచేత కల్పించి యిచ్చుచున్నది. దానిని మరల గిటారు స్పీకరుకే పంపుట ఉప్పు వేసిన పప్పులో మరల ఉప్పు వేయుటయే. ఆ కల్పనను ఆపివేసినచో పాత పెట్టెయే చాలును. ఆపనిచో, అద్దము ముఖమును చూపినట్లు వచ్చినదానిని వచ్చినట్లు వినిపించు పూర్ణశ్రేణి స్పీకరు కావలెను.

పరిమాణమును గూర్చి భయపడ నక్కరలేదు. గిటారు మంద్రతంతి సెకనుకు సుమారు 82 మార్లు కంపించును. దీనికి ఎనిమిది లేక పదియంగుళముల స్పీకరు సాధారణముగా చాలును. దాని సగము వేగముతో కంపించు బేస్ గిటారును కూడ వినవలెనన్న పన్నెండంగుళములది మేలు. తారధ్వని స్పీకరు పెద్ద స్పీకరు నడుమనే యమర్చిన పెట్టె దగ్గరనుండి వినువారికి ప్రత్యేకముగా అనుకూలము.

దుకాణదారు వాట్లు చెప్పినంతనే మురిసిపోరాదు. వాట్లు రెట్టింపైనచో పెరుగునది మూడు డెసిబెల్సు మాత్రమే. క్షణమాత్రము భరించు వాట్లను పెద్దయక్షరములతో వ్రాయుట వర్తకుల వాడుక. నిలుకడగా నెన్ని వాట్లు, గరిష్ఠధ్వని యెన్ని డెసిబెల్సు అని యడుగుడు. యువకుని ఆంప్లిఫయరునే తీసికొనిపోయి, పెట్టెను నేలపై నుంచి, వేదికపై వాడునంత ధ్వనితో వాయింపించి వినుడు. తక్కువ ధ్వనిలో మన చెవికి మంద్రస్వరము తక్కువగా వినబడునని 1933లో ఫ్లెచర్, మన్సన్ అను శాస్త్రజ్ఞులు కొలిచి చూపిరి. అందుచేత ఇంటిలో మెల్లగా సరిచేసికొన్న స్వరము వేదికపై గుమగుమలాడును. నేల కూడ మంద్రమును పెంచును. అప్పుడు మంద్రమును తగ్గించుట మందు.

గాయకుని మైకు వెనుకభాగమునకు ఎదురుగా పెట్టె నుంచినచో కీచుమను కూత తగ్గును. సాధారణపు మైకునకు వెనుకనుండి వచ్చు ధ్వని మిక్కిలి తక్కువగా వినబడుటయే కారణము. దూరమునకు మూడు మొనల బాలెన్సుడు తీగ వాడుట మంచిది. గుర్రుమను శబ్దము పోవుటకై కొందరు కరెంటు ప్లగ్గులోని ఎర్తు మొనను తీసివేయుదురు. ఇది ప్రాణాంతకము. గిటారు తంతులు లోహమైనవి, మైకు కూడ లోహమే. పెట్టెలో లోపము కలిగిననాడు ఆ ఎర్తు తీగయే బాలుని ప్రాణమును కాపాడును. ఈ యొక్క విషయములో పెద్దలు ఎవరిమాటయు వినరాదు.

తుదకు చెవుల మాట. 85 డెసిబెల్సు ధ్వనిని దినమున కెనిమిది గంటలకు మించి వినరాదనియు, మూడు డెసిబెల్సు పెరిగినకొలది కాలము సగమగుననియు అమెరికాలోని వృత్త్యారోగ్య శాస్త్రజ్ఞుల సూచన. ఆ లెక్కను 100 డెసిబెల్సు వద్ద పావుగంటయే మిగులును. పోయిన వినికిడి మరల రాదు. పిల్లలను స్పీకర్ల ముందు కూర్చుండనీయకుడు. మన దేశమున 2000 సంవత్సరపు నిబంధనల ప్రకారము రాత్రి 10 గంటలు మొదలు ఉదయము 6 గంటలవరకు బయలులో లౌడుస్పీకరు వాడరాదు. ఉత్సవదినములు కొన్నిటికి మాత్రము ప్రభుత్వము అర్ధరాత్రివరకు సడలింపు నీయవచ్చును.

తన్ను తాను వినగల వాద్యకారుడు ధ్వనిని పెంచుమని పోరుపెట్టడు. అతడు పెంచనిచో తబలావాడును పెంచడు. అందుచేత పాదములకడ నుంచిన ఆ చిన్న పెట్టె వేదికకు శ్రుతిని, ఊరికి కొంత శాంతిని సమకూర్చగలదు. అడిగిన యువకుని కసరక, వెంట దుకాణమునకు పోయి, విని, కొని యిండు.