ఫోన్‌లో మొదటి మాట ‘ఎంత’ కాకూడదు

(వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సొసైటీ అంబులెన్స్‌ను పిలిచిన ప్రతిసారీ కొంత రుసుం తీసుకుంటే డీజిల్ ఖర్చయినా వస్తుందని ఈ ఏడాది కమిటీకి ఒక సూచన వచ్చింది. సూచించినవారు సొసైటీ మేలు కోరేవారే. లెక్కలు రాసేవాడిగా వారి ఆందోళన నాకూ ఉంది. అయినా ఆ రుసుం వద్దని మనవి చేస్తున్నాను.

మన రాష్ట్రంలో 108 సేవ 2005 ఆగస్టు 15న మొదలైంది. అంతకుముందు మైపాడు వైపు ఏ పాళెంలోనైనా అర్ధరాత్రి నొప్పులొస్తే ముందు బండి దొరకాలి, తర్వాత బాడుగ కుదరాలి, ఆ తర్వాతే నెల్లూరు ప్రయాణం. 108 ఉచితం కావడంతో ఆ బేరం పోయింది. 2020 జులై 1న 108, 104 సేవలకు కలిపి 1,088 వాహనాలను ఒకేసారి ప్రారంభించారు.

మరి మన బండి ఎందుకు? 108 పని ఆపదలో ఉన్నవారిని ఆసుపత్రికి చేర్చడం. డిశ్చార్జి అయిన మనిషిని ఇంటికి తేవడం, మృతదేహాన్ని ఊరికి చేర్చడం దాని పని కాదు. పేదవాడు ప్రైవేటు బండ్ల చేతికి చిక్కేది అక్కడే. 2022 ఏప్రిల్‌లో తిరుపతి రుయా ఆసుపత్రి దగ్గర అడిగినంత ఇచ్చుకోలేక ఒక తండ్రి కొడుకు మృతదేహాన్ని మోటార్‌సైకిల్ మీద దాదాపు 90 కిలోమీటర్లు తీసుకెళ్లాడు. ఆ వార్త మనమందరం చదివాం.

రుసుం ఉంటే అనవసరపు పిలుపులు తగ్గుతాయని కొందరంటారు. జపాన్‌లోని మత్సుసాకా నగరంలో మూడు ఆసుపత్రులు 2024 జూన్ నుంచి, అంబులెన్స్‌లో వచ్చి అడ్మిట్ కానవసరం లేనివారి దగ్గర 7,700 యెన్‌లు తీసుకుంటున్నాయి. అక్కడైనా డబ్బు మాట వచ్చేది డాక్టరు చూశాకే. పాము కరిచిన రొయ్యల గుంట కాపలాదారు తనది అవసరమో కాదో ఫోన్ చేసేముందే ఎలా తేల్చుకుంటాడు? చేతిలో డబ్బు లేకపోతే తెల్లారేదాకా చూద్దామనుకుంటాడు. ఆ తెల్లారేలోపే ప్రాణం పోవచ్చు.

ఊరి పేరు చెప్పకముందే “ఎంతవుద్ది భాయ్?” అని అడిగే గొంతు వింటే మన డ్రైవర్‌కే మనసు చివుక్కుమంటుంది. ఆ ప్రశ్న మన నంబరుకు రాకూడదు.

అందుకే నా ప్రతిపాదన ఇది. ఆపదలో వచ్చిన పిలుపుకు, మృతదేహం తరలింపుకు రూపాయి కూడా వద్దు. డిశ్చార్జి ప్రయాణాల్లో ఉన్నవారు ఇవ్వదలిస్తే తర్వాత ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకోవాలి. డ్రైవర్ చేతికి డబ్బు ఇవ్వకూడదు.

మిగిలిన ఖర్చు మన మీదే ఉంది. జకాత్ అర్హుడైన పేదవాడికి సొంత సొమ్ముగా అందాలని హనఫీ ఉలమాలు చెబుతారు. కాబట్టి డీజిల్, టైర్లు, డ్రైవర్ జీతం సదఖా, లిల్లాహ్ నిధుల నుంచే రావాలి. ఒక్కో దాత ఒక్కో నెల డీజిల్ ఖర్చు భరిస్తే, పన్నెండు మందితో ఏడాది గడుస్తుంది.

బారాషహీద్ దర్గా రొట్టెల పండుగలో స్వర్ణాల చెరువు దగ్గర రొట్టె ఇచ్చేవారు తీసుకునేవారి మతం అడగరు. మన బండి కూడా మతం అడగదు, జేబూ అడగదు. “ఎక్కడికి రావాలి?” అని మాత్రమే అడగాలి.

అల్లాహ్ మీ దానాన్ని స్వీకరించుగాక. ఆమీన్.